కొంగలదిబ్బ దగ్గర మర్యాద

పదవీ విరమణకు రెండేళ్ళుందనగా, ఒక నవంబరు మొదటి వారంలో నన్ను బాపట్ల సెక్షన్ నుంచి రేపల్లె సెక్షన్‌కు బదిలీ చేశారు. హోదా మారలేదు, ఫారెస్టు సెక్షన్ ఆఫీసరే. మా అటవీ శాఖలో మెట్లు తెలియనివారి కోసం చెబుతాను. అడుగున బీట్ ఆఫీసరు, అతని మీద సెక్షన్ ఆఫీసరు, ఆపైన డిప్యూటీ రేంజ్ ఆఫీసరు, ఆపైన రేంజ్ ఆఫీసరు, అందరి మీదా డి.ఎఫ్.ఓ. కిందివాళ్ళు అడవిలో నడుస్తారు, పైవాళ్ళు అడవి గురించి రాస్తారు అని మాలో ఒక వేళాకోళం ఉండేది. నేను రెండో మెట్టు మీదే చాలాకాలం ఉండిపోయాను కాబట్టి నా వంతుకు నడకే ఎక్కువ వచ్చింది.

మాది చుండూరు దగ్గర వరి పండించే ఇల్లు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి చుట్టాలందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, మన వైపు అడవి ఎక్కడుందని. న్యాయమైన ప్రశ్నే. తెనాలి చుట్టుపక్కల ఎంత దూరం వెళ్ళినా వరి, మినుము, అరటి, పసుపు తప్ప ఏమీ కనపడవు. పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా అదే అడిగారు. సముద్రం దగ్గర ఉందండీ అన్నాను. సముద్రం దగ్గర అడవేమిటని ఆయన లోపల అనుమానపడ్డారట. నాకు ఉద్యోగం నిజంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినో బాపట్ల పంపించారని తర్వాత తెలిసింది. బాపట్ల తీరాన సరుగుడు తోటలు, ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్ళు, రేపల్లె దిగువన మడ అడవులు, ఇదే మా అడవి.

మడ అంటే ఉప్పునీళ్ళలో, బురదలో పెరిగే చెట్టు. దాని వేళ్ళు ఊపిరి కోసం బురదలోంచి మేకుల్లా పైకి వస్తాయి. ఆ అడవిలో దారులుండవు, పాయలుంటాయి. సముద్రం రోజుకు రెండుసార్లు ఆ పాయల్లోకి వచ్చి పోతుంది. నీళ్ళు రావడాన్ని పోటు అంటారు, తీయడాన్ని పాటు అంటారు. అక్కడ బస్సు వేళలు తెలియకపోయినా బతకవచ్చు కానీ పోటుపాట్లు తెలియకపోతే బతకలేరు.

నేను అక్కడికి వెళ్ళేనాటికి మా ప్రాంతంలో కొత్త అలవాటు ఒకటి మొదలైంది. ఆదివారం పొద్దున్నే పక్షుల్ని చూడ్డానికి బయలుదేరడం. తెనాలి వాళ్ళు సంగం జాగర్లమూడి కాలువ గట్టు వెంట వెళ్ళి పొలాల్లో కొంగల్ని చూసి, దారిలో టిఫిన్ చేసి ఇంటికెళ్ళేవారు. అది పాతబడ్డాక కొందరు బైనాక్యులర్లు కొనుక్కుని మా మడల దాకా రాసాగారు. శాఖవారు ఆలోచించి, పాయల్లో చేపలు పట్టుకునే జాలరుల్లోనే కొందరికి సందర్శకుల్ని తిప్పడానికి అనుమతి ఇచ్చారు. ఆ అనుమతి సెక్షన్ ఆఫీసరు సిఫారసు మీద ఇస్తారు, అతని నివేదిక మీదే రద్దు చేస్తారు. నా పెత్తనం అంతవరకే.

అనుమతి ఉన్నవాళ్ళలో ముఖ్యుడు ఏడుకొండలు. నలభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడినా నీళ్ళవైపు చూస్తూ మాట్లాడతాడు. అతని భార్య నాంచారమ్మ రేపల్లె మార్కెట్లో పీతలు, చేపలు అమ్ముతుంది. అతను మాట్లాడని మాటలన్నీ ఆవిడ మాట్లాడుతుంది. వారమంతా వలకు వెళ్ళే పడవలోనే ఆదివారం చాపలు పరిచి సందర్శకుల్ని కూర్చోబెట్టేవాడు. వాళ్ళకున్నది ఆ ఒక్క పడవే.

వాళ్ళు చూపించే చోటు పేరు కొంగలదిబ్బ. రెండు పాయలు కలిసే చోట మడచెట్లు గుబురుగా పెరిగిన చిన్న దిబ్బ అది. తెల్లకొంగలు, నీటికాకులు, పగలు ముడుచుకు కూర్చుని సాయంత్రం వేటకు వెళ్ళే చింతవక్కలు, అన్నీ అక్కడే గూళ్ళు కట్టేవి. గూడంటే గొప్పగా ఊహించుకోవద్దు. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పెడతాయి, కింద నుంచి చూస్తే గుడ్లు కనపడేంత పలచగా. ఆ నవంబరులో కొన్ని గూళ్ళలో గుడ్లు, కొన్నిటిలో ఈకలు రాని పిల్లలు ఉన్నాయి.

చార్జి తీసుకున్న మొదటి ఆదివారమే సందర్శకులతో పాటు ఏడుకొండలు పడవెక్కాను. దిబ్బ దగ్గరికి వచ్చేదాకా అంతా బాగానే ఉంది. అక్కడికి రాగానే అతను పడవ తోసే గెడ పైకి తీసి పడవ అంచు మీద గట్టిగా రెండు దెబ్బలు వేశాడు. దిబ్బ మీదున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం తెల్లబడింది. పడవలో వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఫోన్లు పైకెత్తారు. ఏడుకొండలు నా వైపు తిరిగి, భోజనాల దగ్గర ఇంటాయన ఇంకాస్త నెయ్యి వేసి మొహం వంక చూసినట్టు చూశాడు.

గూళ్ళున్న చోట పక్షుల్ని బెదరగొట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆ మాటే అతనికి నెమ్మదిగా చెప్పాను. సరేనండి అన్నాడు. మర్నాడు రేవులో ‘పక్షులను భయపెట్టరాదు’ అని బోర్డు పెట్టించాను. తర్వాతి ఆదివారం గెడ కొట్టలేదు. దిబ్బ దగ్గరికి రాగానే ఊపిరితిత్తులు ఊడిపడేట్టు దగ్గాడు. పక్షులు లేచాయి. ఇదేమిటయ్యా అంటే, “భయపెట్టలేదండి. లేపానంతే,” అన్నాడు. ఆ తర్వాత వారం ఈల వేశాడు. ఆ పై వారం పక్క పాయలో ఉన్నాడంటూ బావమరిదిని కేకేసి పలకరించాడు. ఆ బావమరిది ఆరోజు చీరాల పక్కన ఈపురుపాలెంలో పెళ్ళిలో ఉన్నాడని నాంచారమ్మే నాకు చెప్పింది.

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు యూనిఫాం వేసుకున్నవాడి మాటకు దగ్గుపాటి విలువ లేదా అనిపించింది. రేవులో నిలబెట్టి గట్టిగానే అడిగాను. అతను తలొంచుకుని, “ఆళ్ళు తెనాలి నుంచి బస్సెక్కొచ్చారండి. ముడుచుక్కూర్చున్న కొంగని చూపించి పంపిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? మా పడవెక్కినోళ్ళు మా ఇంటికొచ్చినట్టేనండి,” అన్నాడు.

మా డెల్టాలో పుట్టినవాడికి ఆ జబ్బు బాగా తెలుసు. మా ఇంట్లోనూ అంతే. వచ్చినవాడికి ఆకలి లేదన్నా వినరు. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే వడ్డిస్తారు. ఏడుకొండలుకు పక్షుల్ని లేపడమంటే ఆ వడ్డనే. నేరం అన్న మాట అతని చెవిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది.

రేంజ్ ఆఫీసరుగా అప్పుడు చిన్న వయసు మేడం ఒకావిడ ఉండేవారు. పని తెలిసిన మనిషి, మాట కచ్చితం. విషయం ఆవిడదాకా వెళ్ళింది. నన్ను పిలిచి, “కోటేశ్వరరావు గారూ, బోర్డులతో అయ్యే పని కాదండి ఇది. మీ కళ్ళతో చూసి పి.ఓ.ఆర్. రాయండి. ఒక్క కేసు కడితే రేవంతా దారికొస్తుంది,” అన్నారు. పి.ఓ.ఆర్. అంటే ప్రాథమిక నేర నివేదిక. నేరం ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, సాక్షులెవరు, స్వాధీనం చేసుకున్న వస్తువేమిటి అని అక్కడికక్కడే రాసి సంతకాలు తీసుకోవాలి. ఇక్కడ స్వాధీనం చేసుకునే వస్తువు పడవ. కేసు తేలేదాకా అది మా ఆఫీసు వెనక ఎండలో పడి ఉంటుంది. ఎండకు చెక్క విచ్చుకుంటుంది. అంటే ఆదివారం సందర్శకులే కాదు, వారమంతా వల కూడా పోతుంది. ఆవిడ చెప్పింది చట్టప్రకారం సరైనదే. నాకు మనసొప్పలేదు. అలాగని గూళ్ళు పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడానికీ మనసొప్పలేదు.

ఆ వచ్చే ఆదివారం పి.ఓ.ఆర్. పుస్తకం సంచిలో పెట్టుకుని పడవెక్కాను. సంచిలో ఏముందో ఏడుకొండలుకు చెప్పాను కూడా. చాటుగా కేసు కట్టడం నాకు చేతకాదు. అతను విని తలూపాడు.

ఆరోజు వచ్చినవారు తెనాలిలో బట్టల కొట్టు ఉన్న శేషగిరిరావు గారు, ఆయన భార్య అనసూయమ్మ గారు. ఇద్దరూ అరవై దాటినవారే. ఆయన కొత్త ఫోను కొన్న ఉత్సాహంలో ఉన్నారు. ఆవిడ ఒక పెద్ద స్టీలు గిన్నెలో పులిహోర తెచ్చారు, పడవలో ఉన్నంతసేపూ దాన్ని ఒళ్ళోంచి దించలేదు. దిబ్బ దగ్గరికి రాగానే శేషగిరిరావు గారు, “ఏమయ్యా, ఇవన్నీ ఒకేసారి లేస్తాయంట కదా? మా వియ్యంకుడు చూశాడంట. లేపు, చూద్దాం,” అన్నారు.

వద్దని నేను చెప్పాను. ఇక్కడి నిబంధన ఏమిటో ఆయనకు వివరించబోయాను. ఆయన మొహం చిన్నబోయింది. ఏడుకొండలు ఆ మొహం చూశాడు. తర్వాత నా సంచి వైపు చూశాడు.

“సార్, మీరు రాసుకోండి,” అన్నాడు. “ఈళ్ళు నా పడవెక్కారు.”

గెడ ఎత్తి పడవ అంచు మీద కొట్టాడు. పక్షులన్నీ లేచాయి. నేను సంచి విప్పి పుస్తకం బయటికి తీశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అతని మీద కోపం కంటే గౌరవమే ఎక్కువ కలిగింది. ఉన్న ఒక్క పడవనూ పోగొట్టుకుంటానని తెలిసి మరీ చుట్టానికి మర్యాద చేశాడు. కానీ గౌరవం కలిగినంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. కలం తీశాను.

ఈలోగా శేషగిరిరావు గారు ఫోను చూసుకుని, “అయ్యో, అంతా నా వేలే పడింది. ఇంకొక్కసారి, ఇటు దగ్గరగా,” అన్నారు. ఏడుకొండలు పడవను దిబ్బ వైపు ఇంకాస్త తోశాడు. పక్షులు వాలేదాకా ఆగుదామని నిలిపాడు. పున్నమి దగ్గరి రోజులవి. పోటు ఎంత పెద్దదో పాటూ అంత పెద్దది. నీళ్ళు అప్పటికే తీస్తున్నాయి. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడు చుట్టం ఫోను వైపు చూస్తూ మరిచిపోయాడు. పడవ అడుగు బురదకు తగిలి మెత్తగా కూర్చుంది. అతను గెడ వేసి ఎంత తోసినా కదల్లేదు. దిగి నెడదామంటే అక్కడి బురద మనిషిని నడుం దాకా మింగుతుంది. ఏడుకొండలు గెడ పడవలో పడుకోబెట్టి, “పోటు తిరిగేదాకా ఇంతేనండి,” అన్నాడు. పాటు లెక్క తప్పిన జాలరి అంటే ఊళ్ళో ఎంత నవ్వులపాటో అతని మొహమే చెప్పింది.

ఇక చేసేదేమీ లేదు. గొడుగు వేసుకుని కూర్చున్నాం.

అప్పటిదాకా ఎవరూ చేయని పని మేము ఆరోజు చేశాం. పక్షులు లేచాక అక్కడే ఉన్నాం. ప్రతి ఆదివారం పక్షులు లేవగానే అందరూ చప్పట్లు కొట్టడం, పడవ తిరగడం, రేవుకు వచ్చేయడం, అంతే. లేచిన తర్వాత దిబ్బ మీద ఏం జరుగుతుందో నేను పుస్తకాల్లో చదివాను, ఏడుకొండలు అసలు చూడలేదు. అతని జీవితమంతా ఆ దిబ్బ పక్క నుంచి గడిచినా, అది వలకు వెళ్ళే దారిలో ఉన్న చోటే కానీ కూర్చునే చోటు కాదు.

కొంగలు పైన తిరుగుతున్నాయి. మేము అంత దగ్గరగా ఉండేసరికి వాలడానికి జంకుతున్నాయి. మొదట కాకులు వచ్చాయి. ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు, పిలిచినట్టే వచ్చాయి. తీరిగ్గా ఒక గూటి నుంచి ఇంకో గూటికి గెంతసాగాయి. అనసూయమ్మ గారు ముందు చూశారు.

“ఏవండీ, ఆ కాకి నోట్లో గుడ్డు,” అన్నారు.

తర్వాత మాకూ కనపడింది. ఒక కాకి గుడ్డు పట్టుకుని పోతే ఇంకొకటి వచ్చింది. తల్లి లేని గూట్లో పిల్లలు ఎండకు నోళ్ళు తెరిచి ఊగుతున్నాయి. భయపడ్డ చింతవక్క పిల్ల తిన్న చేపను కక్కేస్తుంది. అలా కక్కి, వెనక్కి జరుగుతూ ఒక పిల్ల గూటి అంచు దాటి కింద బురదలో పడింది. చావలేదు. తల పైకెత్తి అరుస్తూనే ఉంది. దాని గొంతు మా పడవ దాకా బాగా వినపడుతోంది.

ఏడుకొండలు దిగబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. బురదలో అతను దిబ్బ దాకా వెళ్ళలేడు. కేకలేసి కాకుల్ని తోలదామంటే ఆ కేకలకు కొంగలు ఇంకా దూరం పోతాయి. మేము చేయగలిగింది ఒక్కటే, చప్పుడు చేయకుండా కూర్చోవడం. అదొక్కటే అతనికి ఎప్పుడూ చేతకాని పని. పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని, కన్నార్పకుండా దిబ్బ వైపు చూస్తూ కూర్చున్నాడు. బురదలో పడ్డ పిల్ల గొంతు కాసేపటికి తగ్గింది, తర్వాత ఆగిపోయింది. ఇంతకాలం ఈ ఉద్యోగం చేసి కూడా దాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూడటం నాకూ అదే మొదలు.

శేషగిరిరావు గారు ఏదో అనబోతే అనసూయమ్మ గారు ఆయన మోకాలి మీద చెయ్యేసి, “మెల్లగా మాట్లాడండి. పరాయింట్లో ఉన్నాం,” అన్నారు. ఆ తర్వాత పడవలో ఎవరూ గొంతెత్తలేదు.

చాలాసేపటికి ఒక తెల్లకొంగ వాలింది. మేము కదలకపోయేసరికి ఇంకొకటి వాలింది. చింతవక్కలు ఒక్కొక్కటే కొమ్మల్లోకి వచ్చి గూటి మీద రెక్క విప్పి పిల్లలకు నీడపట్టాయి. కాకులు అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయాయి. బురద మీద చిన్న చిన్న పీతలు బయటికొచ్చాయి. కళ్ళు నెత్తిన పెట్టుకుని గెంతే చేపలు పడవ పక్కనే ఆడుకున్నాయి. ఒక నీటికాకి ఎక్కడినుంచో వచ్చి గూట్లో వాలితే, పిల్ల దాని గొంతులోకి తల దూర్చి తిండి లాక్కుంది. శేషగిరిరావు గారి ఫోను చాప మీద పడి ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. అనసూయమ్మ గారు చప్పుడు కాకుండా గిన్నె మూత తీసి అందరికీ పులిహోర పెట్టారు. ఏడుకొండలు చేతిలో పెట్టుకున్నాడు గానీ తినలేదు.

పోటు తిరిగి పడవ తేలేసరికి మధ్యాహ్నం దాటింది. దిబ్బకు దూరంగా వచ్చాక అతనే ముందు నోరు విప్పాడు.

“రాయండి సార్.”

నేను విధానం చెప్పాను. రాస్తే ఉన్నదున్నట్టు రాయాలి. చేసినవాడి పేరుతో పాటు చేయించినవారి పేరు కూడా రాయాలి. శేషగిరిరావు గారు మొహం తుడుచుకుని, రాయండి, నేనే అడిగాను, అన్నారు. ఏడుకొండలు గెడ ఆపేశాడు. “ఆయన పేరు వద్దండి. పడవ తీస్కెళ్ళండి, నేను కాదన్ను. చుట్టంగా వచ్చినాయన్ని కేసులో పెట్టి పంపమంటే మాత్రం నా వల్ల కాదు,” అన్నాడు. అంత జరిగాక కూడా అతనికి తన పడవ కంటే చుట్టం మర్యాదే ముందు.

పుస్తకం సంచిలో పెట్టేశాను. జాలిపడి పెట్టలేదు. కేసు కట్టేది రేవు దారికి రావడానికి. రావలసినవాడు నా కళ్ళ ముందే దారికొచ్చాడని నాకు నమ్మకం కలిగింది. ఆ నమ్మకం నాది, దానికి పూచీ కూడా నాదే.

రేవులో నాంచారమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఊరంతా తెలిసిపోయింది కాబోలు, “పాయలో పుట్టినోడికి పాటు తెలవలేదంట. ఇంకేం, రేపట్నుంచి నువ్వు పీతలమ్ము, పడవ నేను తోల్తా,” అంది. అప్పుడు మొగుడి మొహం చూసింది. అతని చేతిలో మెత్తబడిపోయిన పులిహోర తీసుకుని, నీళ్ళు పోసి చెయ్యి కడిగింది.

మర్నాడు మేడంకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ మెత్తబడలేదు, మెత్తబడాలని నేనూ అనుకోలేదు. “మీ ఇష్టం. కానీ మళ్ళీ జరిగితే కేసు అతని మీద, మెమో మీ మీద,” అన్నారు. రిటైరయ్యేవాడికి మెమో అంటే పెన్షన్ కాగితాల కాళ్ళకు బంధం వేయడమే. అంటే ఆరోజు నుంచి నా పెన్షన్ ఏడుకొండలు గెడ మీద ఆధారపడింది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం బాపట్ల నుంచి ఒక గుంపు వచ్చింది. కావాలనే నేను పడవెక్కలేదు. నేనుంటే, అతను తనంతట తాను మానాడో, నాకు భయపడి మానాడో తెలియదు కదా. రేవు గట్టు మీద కూర్చున్నాను. పైకి పేపరు చదువుతున్నాను గానీ ఒక్క అక్షరం ఎక్కలేదు. దిబ్బ వైపు ఆకాశమే చూస్తున్నాను. తెల్లగా ఏమీ లేవలేదు.

పడవ తిరిగి వచ్చింది. దిగినవాళ్ళు గొణుక్కుంటూ దిగారు. ఇంత దూరం వస్తే ఏమీ చూపించలేదని, ఇంకెవర్నీ రావద్దని చెబుతామని నా ముందే అన్నారు. ఏడుకొండలు పడవలో చాపలు చుట్టిపెట్టాడు. వాళ్ళ కారు కనుమరుగయ్యాక గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. వాళ్ళు లేపమని గట్టిగా పట్టుబట్టారట. “మీ ఇంటికొచ్చి, బాలింతని లేపి చూపించమంటే బావుంటదా బాబూ అన్నానండి. నవ్వారు,” అన్నాడు. ఆపైన, “చుట్టాన్ని అన్నం పెట్టకుండా పంపినట్టుందండి,” అన్నాడు. ఆ పూట అతను అన్నం తినలేదని నాంచారమ్మ చెప్పింది. ఆవిడ దానికి వేళాకోళం కూడా చేయలేదు.

నాకు నిజంగా కష్టమనిపించింది. ఒక మనిషి మంచి అలవాటును మాన్పించి, దాని స్థానంలో ఏమీ ఇవ్వకుండా వదిలేశాను. ఆ లోటు పూడ్చుకున్నది మాత్రం అతనే. దిబ్బకు దూరంగా, పక్షులు పట్టించుకోనంత దూరంలో, పాయలో ఒక సరుగుడు గుంజ పాతాడు. పడవను దానికి కట్టేసి, సందర్శకులతో ఒకే మాట చెప్పేవాడు. ఇది మన ఇల్లు కాదండి, వాళ్ళిల్లు. మనమే చుట్టాలం. చుట్టం చుట్టంలా కూర్చుంటే ఇంటివాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. అంతే. ఆపైన తను కూడా నోరు మూసుకుని కూర్చునేవాడు. కొందరికి విసుగొచ్చేది. కొందరు మళ్ళీ రాలేదు. కూర్చున్నవాళ్ళు మాత్రం పిల్లకు తిండి పెట్టే నీటికాకిని చూసి, ఇంటికెళ్ళి ఇంకో నలుగురికి చెప్పేవారు. శేషగిరిరావు దంపతులు పులిహోర గిన్నెతో సహా ఆ శీతాకాలమంతా వస్తూనే ఉన్నారు. మా శాఖ బోర్డు మీది అక్షరాలు ఉప్పుగాలికి చెరిగిపోయాయి. మళ్ళీ రాయించాలని నేను అడగలేదు, మేడం కూడా అడగలేదు.

రిటైరైన ఏడాది మా ఆవిడను తీసుకుని మామూలు సందర్శకుడిలా ఆ పడవెక్కాను. ఏడుకొండలు “రండి సార్” అంటూ చాప దులిపి పరిచాడు, క్షేమసమాచారాలు అడిగాడు, గుంజకు పడవ కట్టి మౌనంగా కూర్చున్నాడు. మా ముందు బాపట్ల వాళ్ళెవరో పిల్లల్తో ఉన్నారు. అందరూ దిబ్బ వైపు చూస్తున్న సమయంలో నా జేబులో ఫోను మోగింది. పెద్దవాడినయ్యాను కదా, వినపడాలని శబ్దం పూర్తిగా పెట్టుకున్నాను. దిబ్బ అంచున ఉన్న రెండు కొంగలు మెడలు సాచి నిలబడ్డాయి. నేను ఆ జేబూ ఈ జేబూ తడుముకుంటున్నాను.

“సార్,” అన్నాడు ఏడుకొండలు, ఎప్పటిలాగే నీళ్ళవైపు చూస్తూ, మెల్లగా. “ఆళ్ళింట్లో ఉన్నాం.”

ఫోను ఆపేశాను. పడవలో అందరూ నావైపు చూశారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగలు కాసేపు చూసి మళ్ళీ కూర్చున్నాయి.

పడవ బురదలో కూర్చున్న ఆ సంఘటన నుంచి నేను నేర్చుకున్నది ఇది. మా వైపు మనుషులు అడవికి చేసే చెరుపులో చాలా భాగం దుర్మార్గంతో చేసేది కాదు, మర్యాదతో చేసేది. మర్యాదతో చేసే తప్పును చట్టం చెప్పి మాన్పించలేం, అంతకంటే పెద్ద మర్యాద చూపిస్తేనే మానుతుంది. అది చూపించాలంటే పక్షులు లేచాక కూడా అక్కడే కూర్చోవాలి. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను లేచినప్పుడే చూసి వచ్చేశాను. కూర్చోవడం నాకు నేర్పింది ఒక పాటు.